లీటరుకు పదేనా? కొత్త కారు మైలేజీలో కొరత ఎక్కడ?

సంక్రాంతికో, ఉగాదికో, ఊరి గంగజాతరకో బెంగళూరు నుంచి సరిహద్దు పల్లెలకు వచ్చే వాహనాల తీరు గడచిన పదిహేనేళ్లలో ఎంతగానో మారింది. ఒకప్పుడు బస్సు దిగి, సంచి భుజాన వేసుకొని కాలిబాట పట్టిన కుటుంబాలలోనే ఇప్పుడు రెండో తరం ఉద్యోగాలలో, వ్యాపారాలలో స్థిరపడి, అరవై లక్షల రూపాయల విలాస సెడాన్‌లో వచ్చి చింతచెట్టు నీడన దిగుతున్నది. పిల్లలు కారు చుట్టూ చేరి అద్దాలు తడిమి చూస్తారు. పెద్దలు ధర అడుగుతారు. ఆ వెంటనే తప్పక వచ్చే రెండో ప్రశ్న ఒకటే: లీటరుకు ఎంత ఇస్తుంది?

ఇబ్బంది మొదలయ్యేది అక్కడే. కంపెనీ కాగితంలో పదిహేడు అని ఉంటుంది. కారులోని తెర మీద పదిన్నర కనిపిస్తుంది. “ఏమప్పా, ఇంత పోసి కొంటే పదేనా?” అని తండ్రి అడిగితే, “పెట్రోల్లో ఇథనాల్ కలుపుతాండారు నాయనా, అందుకే” అని కొడుకు జవాబు. అమ్మినవాడు మోసం చేశాడని బావమరిది అంటాడు. ఆంధ్ర బంకులో పోయిస్తే ఇంకో కిలోమీటరు వచ్చేదని పక్కింటాయన అంటాడు. ఒక్కొక్కరు ఒక్కొక్క దోషిని చూపుతారు. లెక్క మాత్రం ఎవరూ వేయరు.

ఇది కలవారి ఇంటి ముచ్చట అని కొట్టివేయడానికి వీలులేదు. కొడుకు కారుకు పెట్రోలు పోసిన గొట్టం నుంచే తండ్రి మోపెడ్‌కూ పెట్రోలు పడుతుంది. కారు విషయంలో తేలే నిజం మోపెడ్‌కూ వర్తిస్తుంది. పైగా దోషి ఎవరో తెలియకుండా చేసే ఫిర్యాదు ఎక్కడా నిలవదు. కనుక కొరతను భాగాలుగా విడదీసి, దేని వంతు ఎంతో చూడటమే సరైన మార్గం.

పదిహేడు అన్న అంకె పుట్టుక

మన దేశంలో కార్ల మైలేజీని ధ్రువీకరించే సంస్థలలో పుణేలోని ఏఆర్‌ఏఐ ప్రధానమైనది. అక్కడ కారు రోడ్డెక్కదు. గదిలో రోలర్ల మీద నిలబెట్టి, ముందే నిర్ణయించిన వేగాల పట్టిక ప్రకారం నడుపుతారు. ఆ పరీక్ష ఇరవై నిమిషాల లోపు ముగుస్తుంది. నడిచే దూరం పదకొండు కిలోమీటర్ల లోపు. సగటు వేగం గంటకు 32 కిలోమీటర్ల దరిదాపు. గరిష్ఠ వేగం 90 కిలోమీటర్లు. ఈ పద్ధతిలో ఏసీ పనిచేయదు, ఎదురుగాలి ఉండదు, ఎత్తుపల్లాలు ఉండవు, వెనుక సీటులో అత్తామామలు ఉండరు, డిక్కీలో బియ్యం బస్తా ఉండదు.

ఈ పరీక్షను మోసం అనడం తగదు. రెండు కార్లను ఒకే కొలతతో పోల్చడానికి అది పనికివస్తుంది. అయితే కొనుగోలుదారు దానిని తన రోడ్డుకు ఇచ్చిన హామీగా తీసుకొంటున్నాడు. అమ్మకందారు అలా తీసుకోవద్దని చెప్పడు. ఈ మౌనమే తదనంతర నిరాశకు మూలం.

హైబ్రిడ్ కార్ల విషయంలో ఈ తేడా మరింత స్పష్టం. 2024 డిసెంబరులో విడుదలైన టొయోటా క్యామ్రీ హైబ్రిడ్ సెడాన్‌కు లీటరుకు 25.49 కిలోమీటర్ల ధ్రువీకరణ ఉంది. ఆగుతూ సాగే నగర ప్రయాణంలో ఇటువంటి కారు ఇంజనును తరచు ఆపివేస్తుంది. బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తిని బ్యాటరీలోకి మళ్లిస్తుంది. తక్కువ వేగాల పరీక్ష దానికి అనుకూలం. జాతీయ రహదారి మీద గంటల తరబడి 110లో నడిపేవారికి బ్రేకులు వేసే అవసరమే తక్కువ గనుక ఆ లాభమూ తక్కువే. ఏ కారుకైనా సూత్రం ఇదే: పరీక్షలోని నడకకు మన నడక ఎంత దూరమైతే, కాగితం మీది అంకెకు మన అంకె అంత దూరం.

పోయేటప్పటి లెక్క వేరు, వచ్చేటప్పటి లెక్క వేరు

సరిహద్దు ప్రాంతపు ప్రయాణాలలో చాలామంది గమనించని అంశం నేల ఎత్తు. బెంగళూరు నగరం సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. చిత్తూరు 300 మీటర్ల దరిదాపున ఉంది. కోలారు, ముళబాగిలు, నంగిలి, పలమనేరు మీదుగా సాగి, మొగిలి ఘాట్ దిగి చిత్తూరు చేరే ఈ దారి పొడవు సుమారు 180 కిలోమీటర్లు. అంటే పండుగకు ఊరికి వచ్చే కారు 600 మీటర్లు దిగుతుంది. పండుగ ముగించుకొని పోయే కారు 600 మీటర్లు ఎక్కుతుంది.

అయిదుగురు మనుషులతో, సామానుతో ఒక పెద్ద సెడాన్ బరువు రెండు టన్నులు దాటుతుంది. అంత బరువును 600 మీటర్లు పైకి చేర్చడానికి కావలసిన శక్తిని ఇంజను సామర్థ్యంతో లెక్కకడితే, ఆ ఒక్క పనికే లీటరుకు పైగా పెట్రోలు ఖర్చవుతుంది. దిగేటప్పుడు అందులో కొంత తిరిగి వస్తుంది. మిగిలినది బ్రేకుల వేడిలో పోతుంది. వచ్చేటప్పుడు తెర మీద పద్నాలుగు చూసి మురిసిపోయినవారు, పోయేటప్పుడు పదిన్నర చూసి కారు చెడిపోయిందని కంగారు పడటంలో వింత లేదు. రెండు ప్రయాణాలూ కలిపి చూడనిదే ఏ అంకెనూ నమ్మరాదు.

ఒడిశా కొండల్లోని కోరాపుట్, రాయగడల నుంచి పార్వతీపురం, విజయనగరం వైపు దిగే కుటుంబాలకూ ఇదే మాట వర్తిస్తుంది. బళ్లారి, రాయచూరు వంటి సమతల ప్రాంతాలలో ఈ ప్రభావం తక్కువ.

ఇథనాల్ వంతు ఎంత?

ప్రస్తుతం అందరి వేలూ చూపుతున్నది ఇథనాల్ వైపే. ఈ ఆరోపణలో నిజం ఉంది. అయితే ఎంత నిజం ఉన్నదో కొలవాలి.

2014లో దేశంలో పెట్రోలులో ఇథనాల్ పాలు రెండు శాతం లోపే. 2022 జూను నాటికి అది 10 శాతానికి చేరింది. 2030కి 20 శాతం కలపాలన్న లక్ష్యాన్ని ప్రభుత్వం 2025-26కు ముందుకు జరిపింది. 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ 20 శాతం ఇథనాల్ గల ఈ20 పెట్రోలును ప్రారంభించారు. 2025 నాటికి దేశవ్యాప్తంగా సాధారణ పెట్రోలు అంటే ఈ20 అన్న స్థితి వచ్చింది.

ఒక లీటరు ఇథనాల్‌లో ఒక లీటరు పెట్రోలులో కన్నా శక్తి సుమారు మూడో వంతు తక్కువ. అయిదో వంతు ఇథనాల్ కలిపితే మొత్తం శక్తి ఆరేడు శాతం తగ్గుతుందన్నది సాధారణ గణితం. 2021 జూనులో నీతి ఆయోగ్ వెలువరించిన నివేదిక కూడా ఈ మాటే చెప్పింది. ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొంది, 10 శాతానికి సర్దుబాటైన నాలుగు చక్రాల వాహనాలలో 6 నుంచి 7 శాతం, అటువంటి ద్విచక్ర వాహనాలలో 3 నుంచి 4 శాతం, 10 శాతానికి రూపొంది 20 శాతానికి సర్దుబాటైన కార్లలో 1 నుంచి 2 శాతం తగ్గుదల ఉంటుందని అది అంచనా వేసింది. 2025 ఆగస్టులో పెట్రోలియం మంత్రిత్వశాఖ ఇచ్చిన వివరణలోనూ ఈ20కి సర్దుబాటైన కార్లకు 1 నుంచి 2 శాతం, ఇతర వాహనాలకు 3 నుంచి 6 శాతం అన్న అంకెలే ఉన్నాయి.

విలాస కార్లకు సంబంధించి మరొక కోణం ఉంది. ఇథనాల్ కలిసినందువల్ల పెట్రోలు ఆక్టేన్ సంఖ్య పెరుగుతుంది. పాత సాధారణ పెట్రోలు సంఖ్య 91 కాగా, ఈ20ది 95 దరిదాపు. టర్బో ఉన్న అనేక విదేశీ ఇంజన్లు కోరేది 95నే. తక్కువ ఆక్టేన్ పోస్తే ఇటువంటి ఇంజన్లు లోపలి దెబ్బలను తప్పించుకోవడానికి మంట సమయాన్ని వెనక్కి జరుపుకొంటాయి. దానివల్ల బలమూ మైలేజీ రెండూ తగ్గుతాయి. ఆ నష్టం ఈ20తో కొంత తప్పుతుంది. కారుకు ఏ ఆక్టేన్ కావాలో, ఎంత శాతం ఇథనాల్ వరకు సమ్మతమో పెట్రోలు మూత లోపలి చీటీ మీద, యజమాని పుస్తకంలో చూసుకోవచ్చు. కారు ఏ సంవత్సరంలో తయారైందన్నది ఇక్కడ కీలకం. 2025కు తరువాత ఈ20కి సర్దుబాటై వచ్చిన కారు యజమాని ఇథనాల్‌ను నిందించి ప్రయోజనం లేదు. 2018 నాటి వాడిన విలాస కారును కొన్నవారి ఫిర్యాదుకు మాత్రం ఆధారం ఉంది.

విలాసం తినే పెట్రోలు

విలాస సెడాన్‌లో సుఖాన్నిచ్చే ప్రతి వస్తువూ పెట్రోలు తింటుంది. వెడల్పు టైర్లు రోడ్డును గట్టిగా పట్టుకొంటాయి. ఆ పట్టుకే ఇంధనం కావాలి. పెద్ద ఏసీ వేసవి మధ్యాహ్నం ఎండలో నిలిచిన కారును క్షణాలలో చల్లబరుస్తుంది. తీవ్రమైన ఎండలో, చిన్న ప్రయాణాలలో ఏసీ ఒక్కటే మైలేజీని పాతిక శాతం వరకు పడగొట్టగలదు. ఏసీ వేసుకొని కదలకుండా నిలిచిన కారు ఇంజను పరిమాణాన్ని బట్టి గంటకు ఒకటి నుంచి రెండు లీటర్లు తాగుతుంది. హొసకోటె నుంచి కృష్ణరాజపురం దాటి ఇల్లు చేరేదాకా ట్రాఫిక్‌లో గడిచే గంట ఈ ఖాతాలోకే వస్తుంది.

వేగం మరొక గుప్త వ్యయం. గాలి నిరోధం వేగంతో సమానంగా పెరగదు. వేగపు వర్గంతో పెరుగుతుంది. 80లో పోయే కారు మీద గాలి వేసే బలం 100లో ఒకటిన్నర రెట్లకు పైగా, 120లో రెండుంబావు రెట్లు అవుతుంది. నిశ్శబ్దంగా సాగే కారులో కూర్చున్నవారికి 120 కూడా 80 లాగే అనిపిస్తుంది. కారు మెత్తదనమే ఇక్కడ యజమానిని మభ్యపెడుతున్నది.

సిగ్నళ్ల వద్ద ఇంజను దానంతట అదే ఆగి, బయలుదేరేటప్పుడు మొదలయ్యే సదుపాయం కొత్త సెడాన్లలో చాలావాటికి ఉంది. చిరాకుగా ఉందని దానిని ఆపివేసేవారు అనేకులు. బ్యాటరీ బలహీనపడితే యజమానికి తెలియకుండానే అది పనిచేయడం మానేస్తుంది. స్పోర్ట్ మీట వేసి మరచిపోయినా గేర్లు ఆలస్యంగా మారి ఖర్చు పెరుగుతుంది.

ఒక ప్రయాణం పద్దు

ఇప్పుడు పద్దు వేయవచ్చు. చిత్తూరు నుంచి బెంగళూరుకు నిండు కారుతో 180 కిలోమీటర్లు. కాగితం ప్రకారం లీటరుకు 17 వస్తే 10.6 లీటర్లు చాలు. తెర ప్రకారం 10.5 వస్తే 17.1 లీటర్లు ఖర్చయినట్లు. కొరత ఆరున్నర లీటర్లు.

అందులో ఇథనాల్ వంతు, మంత్రిత్వశాఖ చెప్పిన గరిష్ఠమైన 6 శాతం తీసుకొన్నా, ఒక లీటరు. ఈ20కి సర్దుబాటైన కొత్త కారైతే పావు లీటరు, మహా అయితే మరికాస్త. ఎత్తు ఎక్కినందుకు లీటరుంబావు. ట్రాఫిక్‌లో నిలిచినందుకు ఒకటి, ఒకటిన్నర. మిగిలిన మూడు లీటర్ల దరిదాపు వేగానికి, ఏసీకి, బరువుకు, టైర్లకు పోయింది. ఇది ఉజ్జాయింపు పద్దే. కారును బట్టి, దారిని బట్టి అంకెలు అటూ ఇటూ అవుతాయి. అయినా ఒక నిజం తేటతెల్లం: కొడుకు వేలు చూపిన ఇథనాల్ ఆరున్నరలో ఒక పాలుకే బాధ్యురాలు. సగానికి దగ్గరగా ఉన్న పెద్ద పాలు యజమాని పాదం కింద, చేతి మీటల దగ్గర ఉంది.

కొలిచే పద్ధతి

ఇంత విచారణకు పునాది సరైన కొలత. కారు తెర చూపే అంకె కంప్యూటరు వేసుకొన్న అంచనా. వాస్తవానికి అది కొన్ని శాతాలు తేడాగా ఉండటం మామూలే. నమ్మదగినది పాతకాలపు ట్యాంకు లెక్క.

ఒకే బంకులో, వీలైతే ఒకే గొట్టం దగ్గర, పెట్రోలు దానంతట అదే ఆగేదాకా నింపించాలి. ఆగిన తరువాత ఇంకా కుక్కి పోయించరాదు. దానివల్ల కొలత చెడటమే గాక, పెట్రోలు ఆవిరిని పట్టే డబ్బా పాడవుతుంది. ఆ క్షణాన మీటరు అంకె రాసుకోవాలి. తరువాత వరుసగా మూడుసార్లు అదే తీరుగా నింపి, ప్రతిసారీ లీటర్లు, కిలోమీటర్లు రాయాలి. మొదటిసారి పోసిన పెట్రోలును వదిలి, తక్కిన మూడుసార్ల లీటర్ల మొత్తంతో నడిచిన కిలోమీటర్లను భాగించాలి. వెయ్యి కిలోమీటర్లకు తగ్గకుండా, పోయినదారీ వచ్చినదారీ రెండూ కలిసేట్లు చూసుకోవాలి. కొత్త కారు మొదటి కొన్ని వేల కిలోమీటర్లలో కొంత తక్కువ ఇవ్వడం సహజం గనుక, అంతవరకు తీర్పు వాయిదా వేయడం మంచిది.

బంకు కొలత మీద అనుమానముంటే అక్కడే తేల్చుకోవచ్చు. ప్రతి బంకులోనూ ముద్ర వేసిన అయిదు లీటర్ల కొలపాత్ర ఉండాలి. అడిగితే అందులో పోసి చూపాలి. అయిదు లీటర్లకు 25 మిల్లీలీటర్లకు మించి తక్కువైతే అది నేరం. ఆంధ్ర పెట్రోలు మంచిది, కర్ణాటక పెట్రోలు చెడ్డది అన్న మాటకు మాత్రం ఆధారం లేదు. పెట్రోలు నాణ్యతకు భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయించిన ప్రమాణం దేశమంతటికీ ఒక్కటే. రాష్ట్రాన్ని బట్టి మారేది పన్ను.

ఎప్పుడు షెడ్డుకు తీసుకుపోవాలి?

మైలేజీ మొదటినుంచీ తక్కువగా ఉండటం వేరు, ఉన్నది ఉన్నట్టుండి పడిపోవడం వేరు. మొదటిది సాధారణంగా నడక సమస్య. రెండోది రోగలక్షణం.

ముందుగా టైరు గాలి చూడాలి. నాలుగు టైర్లలోనూ పది పాయింట్లు తగ్గితే మైలేజీ సుమారు రెండు శాతం పడుతుంది. టైర్లు త్వరగా అరగడం అదనపు నష్టం. నిండు బరువుకు ఎంత గాలి పట్టాలో డ్రైవరు తలుపు పక్కనో, పెట్రోలు మూత లోపలో రాసి ఉంటుంది. ప్రయాణం ముగిసిన వెంటనే నాలుగు చక్రాల దగ్గరా చేయి చాపి చూస్తే, ఒక్క చక్రమే విపరీతంగా వేడెక్కి ఉంటే అక్కడ బ్రేకు వదలక పట్టుకొంటున్నదని అర్థం. ఎంత దూరం నడిచినా ఇంజను వేడి ముల్లు మధ్యకు రాకపోతే థర్మోస్టాట్ తెరచుకొని ఉండిపోయినట్లు. అటువంటి ఇంజను చల్లగా ఉన్నానని భ్రమించి ఎక్కువ పెట్రోలు పోసుకొంటుంది. ఆక్సిజన్ సెన్సారు మందగించినా ఇదే ఫలితం. హెచ్చరిక దీపం వెలిగితే స్కానరు పెట్టి చూడటం కొన్ని నిమిషాల పని. దీపం వెలగకపోయినా ఇంజను ఇంధన సవరణ ఎంత శాతం చేసుకొంటున్నదో అడిగి రాయించుకోవాలి. ఆ సవరణ నిలకడగా పది శాతం దాటి ఉంటే కారణం వెదకవలసిందే.

ఒక అపోహ తొలగించుకోవాలి. ఎయిర్ ఫిల్టరు మారిస్తే మైలేజీ పెరుగుతుందన్నది కార్బ్యురేటరు కాలపు మాట. కంప్యూటరుతో ఇంధనం పోసే నేటి ఇంజన్లలో మురికి ఫిల్టరు వల్ల కారు చురుకుదనం తగ్గుతుంది గాని మైలేజీలో చెప్పుకోదగ్గ మార్పు ఉండదు. పెట్రోలులో కలిపే మందు సీసాల ఖర్చూ అటువంటిదే. షెడ్డువారు ఇవి రెండే చేసి బిల్లు ఇస్తే, అసలు విచారణ జరగలేదని గ్రహించాలి.

గట్టు దాటితే లాభమా?

సరిహద్దు కుటుంబాలకు మరొక పద్దు ఉంది. 2025లో పెట్రోలు లీటరు ధర విజయవాడలో 109 రూపాయల దరిదాపు, హైదరాబాదులో 107 దాటి, బెంగళూరులో 103కు దగ్గరగా, చెన్నైలో 101 దరిదాపున ఉంది. 2024 జూనులో కర్ణాటక పన్ను పెంచినా ఆంధ్రతో వ్యత్యాసం ఆరు రూపాయలు మిగిలింది. నంగిలి దాటకముందే ట్యాంకు నింపుకొనే కార్ల వరుసకు కారణమిదే.

దారిలో ఉన్న బంకులో నింపుకోవడం తెలివైన పనే. అయితే పెట్రోలు కోసమే ప్రత్యేకంగా గట్టు దాటేవారు లెక్క వేసుకోవాలి. 50 లీటర్లకు ఆరు రూపాయల వంతున మిగిలేది 300. బంకు ఇరవై కిలోమీటర్ల దూరాన ఉంటే పోయి వచ్చేది నలభై కిలోమీటర్లు. లీటరుకు పదిన్నర ఇచ్చే కారుకు అందుకు పట్టే పెట్రోలు 3.8 లీటర్లు, అంటే 390 రూపాయలు. తొంభై రూపాయలు నష్టపోయి మూడువందలు మిగిలిందని సంతోషించడం ఇది. ఇక్కడ మరొక పోలికనూ గమనించాలి. రెండు రాష్ట్రాల ధరల మధ్య తేడా ఆరు శాతం దరిదాపు. ఈ20 వల్ల పాత కారుకు కలిగే గరిష్ఠ నష్టమూ ఆరు శాతమే. గట్టు దాటి సంపాదించినది ట్యాంకులోనే కరిగిపోతున్నదన్నమాట.

అడగవలసినది ఏమిటి?

ఇథనాల్ విధానాన్ని పల్లె ఒక వైపు నుంచే చూడలేదు. చెరకు, మొక్కజొన్న పండించే రైతుకు ఇథనాల్ కర్మాగారాలు కొత్త గిరాకీ తెచ్చాయి. 2024-25లో ఇథనాల్‌కు అధికంగా వాడిన ముడిసరుకు మొక్కజొన్నే. అదే ఇంటిలో మొక్కజొన్న అమ్మిన చేయి లాభపడితే, పెట్రోలు కొన్న చేయి నష్టపోతున్నది. కోళ్ల దాణా కొనేవారికి మొక్కజొన్న ధర భారమైంది. కాబట్టి విధానం ఉండాలా వద్దా అన్న వాదం కన్నా, నష్టం ఎవరు భరించాలన్న ప్రశ్న ముఖ్యం.

నీతి ఆయోగ్ నివేదిక వినియోగదారుకు మైలేజీ నష్టాన్ని ధరలోనో, పన్నులోనో పూరించే ఆలోచనను ముందుకు తెచ్చింది. అది ఆచరణకు రాలేదు. సేకరించే ఇథనాల్ సగటు ధరే లీటరుకు 71 రూపాయలు దాటి, శుద్ధి చేసిన పెట్రోలు ధరను మించిందని 2025లో మంత్రిత్వశాఖ కారణం చూపింది. ఇథనాల్ లేని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలని, బంకుల వద్ద ఇథనాల్ శాతాన్ని ప్రకటించాలని కోరిన వ్యాజ్యాన్ని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టివేసింది.

న్యాయస్థానం విధానంలో జోక్యం చేసుకోకపోవచ్చు. సమాచారం ఇవ్వడానికి ప్రభుత్వానికి అడ్డంకి ఏదీ లేదు. ప్రతి గొట్టం మీద ఇథనాల్ శాతం, ప్రతి కారు కాగితం మీద ధ్రువీకరణ మైలేజీతో పాటు ఏసీతో, రహదారి వేగంతో వచ్చే మైలేజీ రాస్తే, చింతచెట్టు కింది తగవులలో సగం అక్కడే సమసిపోతాయి.

కంపెనీ మాటకూ వాస్తవానికీ పొంతన లేనప్పుడు చట్టం దారి చూపుతున్నది. లీటరుకు 32 కిలోమీటర్లు వస్తుందన్న ప్రచారాన్ని నమ్మి కొన్న కారు నిపుణుని పరీక్షలో ఇరవై లోపే ఇచ్చిందని తేలగా, 2022లో కేరళలోని త్రిశూర్ జిల్లా వినియోగదారుల కమిషన్ ఆ యజమానికి మూడు లక్షలకు పైగా పరిహారం చెల్లించాలని ఆదేశించింది. అక్కడ గెలిచింది కొలత. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కారు బెంగళూరులో కొన్నా, ఫిర్యాదుదారు తాను నివసించే చోటనే కేసు వేయవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల వరకైతే జిల్లా కమిషన్, ఆపైన రెండు కోట్ల వరకు రాష్ట్ర కమిషన్ విచారిస్తాయి. గడువు రెండేళ్లు. అంతకుముందు 1915 సంఖ్యకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రాన్ని ఆశ్రయించవచ్చు. అయితే ఏ కమిషన్ ముందైనా తెర మీది అంకె ఫొటో కన్నా, బంకు రసీదులతో కూడిన ట్యాంకు లెక్కకే విలువ ఎక్కువ.

చివరగా, కారు పక్కన నిలిపిన మోపెడ్ సంగతి. లీటరుకు 50 ఇచ్చే పాత బండికి నాలుగు శాతం తగ్గితే పోయేది రెండు కిలోమీటర్లు. నెలకు పది లీటర్లు వాడే రైతుకు ఏడాదికి అయిదువందల రూపాయలకు పైమాట. పాత వాహనాలలో కొన్ని రబ్బరు భాగాలు ముందుగా మార్చవలసి రావచ్చునని మంత్రిత్వశాఖే అంగీకరించింది. కారు యజమానికి వేగం తగ్గించుకొనే వీలుంది, ఏసీ తగ్గించుకొనే వీలుంది. ఆరున్నర లీటర్లలో మూడు వెనక్కి తెచ్చుకోగలడు. పొలానికి పోయివచ్చే మోపెడ్‌కు తగ్గించుకోవడానికి వేగమూ లేదు, ఏసీ లేదు. ఇథనాల్ నష్టాన్ని పూర్తిగా మోసేది ఆ బండే. కొడుకు కారు మైలేజీ మీద సాగే చర్చ తండ్రి బండి దాకా చేరిననాడే అది సరైన ప్రశ్న అవుతుంది.